మగ్గం పక్కన చోటుంది, రండి

టోక్యో జాతీయ మ్యూజియంలో గుడ్డముక్కల సేకరణ ఒకటుంది. హికొనె అనే ఊరిని ఏలిన ప్రభువుల వంశం తరాల తరబడి దాచుకున్న నూలుబట్టల నమూనాలవి, సుమారు 450. అద్దకమూ, కలంతో గీసిన పువ్వులూ ఉన్న ఈ బట్టల్ని జపానువాళ్ళు సరాసా అంటారు. చాలామటుకు మన దేశంలో తయారై, డచ్చి ఓడల మీద నాగసాకి రేవుకు చేరిన సరుకు. అక్కడ తేనీటి వేడుకల్లో వాడే గిన్నెలకి సంచులు కుట్టారు, పెట్టెల లోపల పరిచారు. పీలిక మిగిలినా పారెయ్యలేదు.

పదిహేడు, పద్ధెనిమిది శతాబ్దాల్లో డచ్చివాళ్ళు మచిలీపట్నం పెద్ద కేంద్రంగా పెట్టుకుని పాలకొల్లులో, నరసాపురంలో, ద్రాక్షారామంలో, కాకినాడ జగన్నాథపురంలో వర్తకం నడిపారు. నరసాపురాన్ని ఆనుకున్న మాధవాయిపాలెంలో ఇంగ్లీషు కంపెనీ కొన్న నూలుబట్ట ఆ ఊరి పేరుతోనే ఐరోపా బజార్లలో చెల్లుబాటయింది. కంపెనీ పద్దు పుస్తకాల్లో బేళ్ళెన్నో ఉంటుంది, ధర ఉంటుంది, తడిసి పాడైన సరుకు లెక్క ఉంటుంది. నేసినవాడి పేరు వెతకండి. ఉండదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ ఫోన్లలో జపాను కనబడుతూనే ఉంటుంది. క్యోటోలో ఎవరో ముసలాయన చక్రం మీద కుండ చేస్తుంటాడు, పక్కన విదేశీ అమ్మాయి మట్టిలో చేతులు పెట్టి నవ్వుతుంటుంది. ఇంకో చోట చెట్టుబెరడు నారని నీళ్ళలో కలిపి జల్లెడ మీద కాగితం తీస్తుంటారు. మీరు దాన్ని లైకు కొట్టి, ఎప్పటికైనా వెళ్ళాలని దాచుకుంటారు. వెళ్ళండి, డబ్బూ వీసా కుదిరితే తప్పకుండా వెళ్ళండి. నేను ఆపేవాణ్ణి కాదు. కానీ ఆ వీడియో చూస్తున్న మీరు ఎక్కడ కూర్చున్నారో ఒక్కసారి చూసుకోండి. అమలాపురంలో హాస్టలు గది కావచ్చు, తణుకులో బస్సుస్టాండు కావచ్చు, కాకినాడలో కాలేజీ మెట్లు కావచ్చు. అక్కణ్ణుంచి గంటన్నర ప్రయాణంలో, ఆ ముసలాయనకి ఏమాత్రం తీసిపోని పనివాళ్ళున్న ఊరు కనీసం ఒకటుంది. అక్కడికి మీరు వెళ్ళలేదు. వెళ్ళినా చీర కొనడానికి అమ్మతో వెళ్ళుంటారు, పూతరేకుల ప్యాకెట్టు కోసం కారు ఆపుంటారు.

జపానువాళ్ళకి ఈ తెలివి పుట్టుకతో వచ్చిందేం కాదు. వాళ్ళూ రైళ్ళ మోజులో, ఫ్యాక్టరీల మోజులో పడి ఊరి పనివాణ్ణి మరిచిపోయినవాళ్ళే. 1925 చివర్లో ముగ్గురు స్నేహితులు కూర్చుని, మామూలు జనం మామూలు వాడకానికి చేసుకున్న వస్తువుల్లో ఉన్న అందానికి ఒక పేరు పెట్టారు. మింగేయి అన్నారు. యానగి సోయెత్సు, హమాదా షోజి, కవాయి కంజిరో. ముగ్గురివీ ముప్ఫై దాటి నలభై చేరని వయసులు. ఇద్దరు కుమ్మరిపని చేసేవాళ్ళు, ఒకడు రాసేవాడు. ఊరూరూ తిరిగి అన్నం గిన్నెలూ, గడ్డితో అల్లిన వానకోట్లూ, నూనె పళ్ళేలూ పోగుచేశారు. రాజుల కత్తులు వాళ్ళకి అక్కర్లేదు. 1936లో టోక్యోలో ఆ వస్తువులకి ఒక మ్యూజియం కట్టారు. అది ఇవాళ్టికీ ఉంది. అందులో చాలా వస్తువుల మీద చేసినవాడి పేరుండదు. యానగి వాదమే అది: పేరు కోసం చూసుకోకుండా రోజూ చేసిచేసి పండిన చెయ్యి గొప్పదని. ఈ ఒక్క మాటలో నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించను. పేరు అక్కర్లేదనే మాట చెప్పిన ఆయన పేరు మాత్రం అందరికీ తెలుసు కదా!

ఆ తరవాత చట్టాలొచ్చాయి. 1950 చట్టం కింద, చేతిలో విద్య ఉన్న మనిషినే దేశపు ఆస్తిగా ప్రకటించి, నేర్పడానికి ఏటా డబ్బిచ్చే ఏర్పాటు మొదలైంది. గుడినీ విగ్రహాన్నీ కాపాడ్డం అందరూ చేస్తారు, చేతిని కాపాడ్డం కొత్త. 1974లో ఇంకో చట్టం ఊరి పరిశ్రమల కోసం వచ్చింది. దాని కింద గుర్తింపు రావాలంటే వస్తువు నిత్యవాడుకలో ఉండాలి, ముఖ్యమైన పని చేత్తోనే జరగాలి, పద్ధతి తరాలనాటిదై ఉండాలి, ఆ ప్రాంతంలో దాన్ని చేసేవాళ్ళు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉండాలి. ఇప్పటికి 240కి పైగా పనులకి ఆ గుర్తింపుంది.

నగోయా శివారులో అరిమాట్సు అని ఒక పాత ఊరుంది. 1608లో వెలసిన ఊరు. రాజమార్గం మీద పోయే బాటసారులకి ముడులు కట్టి నీలిరంగు వేసిన తువ్వాళ్ళు అమ్మి బతికింది. అక్కడి మ్యూజియంలో గాజు పెట్టెల పక్కనే పెద్ద వయసు ఆడవాళ్ళు కూర్చుని ముడులు వేస్తుంటారు. మీరు డబ్బు కడితే మీకో చిన్న గుడ్డ ఇచ్చి, కూర్చోబెట్టి కట్టిస్తారు. అరగంట కట్టేసరికి వేళ్ళు నొప్పెడతాయి. ఆ నొప్పితో పక్కన వేలాడుతున్న కిమోనో వైపు చూస్తే, దాని మీద వేల ముడులు కనబడతాయి. అప్పుడు దాని ధర ఎక్కువనిపించదు. మ్యూజియం చెయ్యగలిగిన అసలు పని అదే. గోడ మీది వివరాలు చదివితే రాని బుద్ధి వేలి నొప్పితో వస్తుంది.

ఇంత చేసినా జపానులో కూడా వారసులు లేక మగ్గాలు మూతపడుతున్నాయి, కొలుముల్లో నిప్పు ఆరిపోతోంది. వాళ్ళది పూలబాటని నేను చెప్పను. కానీ దగ్గర కూర్చోబెట్టి చేయి పట్టించే అలవాటు వాళ్ళు చేసుకున్నారు. మనం చేసుకోలేదు.

మనకి మ్యూజియాలు లేవా అంటే ఉన్నాయి. రాజమహేంద్రవరంలో గోదావరి ఒడ్డున రాళ్ళబండి సుబ్బారావు గారి పేరున్న మ్యూజియంలో శిల్పాలూ నాణేలూ ఉన్నాయి. ధవళేశ్వరంలో కాటన్ దొర మ్యూజియం ఉంది. ఆనకట్ట ఎలా కట్టారో అక్కడ తెలుస్తుంది. దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. మూడూ చూడదగ్గవే. మూడింట్లోనూ మన డెల్టా చేతులు చేస్తున్న పని మాత్రం కనబడదు. మన చేతిపనుల మ్యూజియానికి ఇంకా గోడలు కట్టలేదు. అది ఊళ్ళలో చెల్లాచెదరుగా ఉంది. ఒక గది ఉప్పాడలో, ఒకటి నరసాపురం అరుగుల మీద, ఒకటి ఆత్రేయపురం పొయ్యిల దగ్గర, ఒకటి అజ్జరం కొలిమిలో.

ముందు ఉప్పాడ. సముద్రం ఈ ఊరిని ఏళ్ళ తరబడి తింటోంది. బీచి రోడ్డు తెగుతుంది, రాళ్ళు పోస్తారు, మళ్ళీ తెగుతుంది. ఆ హోరు పక్కన, కొత్తపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో, మగ్గాల మీద జాందానీ నేస్తారు. బెంగాలు నుంచి వచ్చిన నేత పద్ధతి అది. పిఠాపురం, బొబ్బిలి, వెంకటగిరి సంస్థానాలు ఒకప్పుడు దీన్ని పోషించాయి. 1980ల్లో ఘనశ్యామ్ సరోదే లాంటి డిజైనర్లు వచ్చి నేతగాళ్ళతో కలిసి పనిచేశాక చీరకి మళ్ళీ ప్రాణం వచ్చింది. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ పద్ధతిలో గొప్పతనం ఏమిటో మగ్గం దగ్గర కూర్చుంటేగాని తెలీదు. మామూలు చీరలో పడుగు మీద పేక అటూ ఇటూ పోతుంది, నాడె తీసుకెళుతుంది. జాందానీలో బుటా ఉన్న చోట నాడె సరిపోదు. ప్రతి పువ్వుకీ విడిగా చిన్న కండె. గళ్ళ కాగితం మీద వేసుకున్న నమూనా ప్రకారం ఇన్ని పడుగు పోగులు ఎత్తి, జరీ పోగు అక్కడికక్కడ దూర్చి, పువ్వు అంచు దగ్గర వెనక్కి తిప్పి, ఆ తరవాత మామూలు పేక ఒకటి వేసి, దెబ్బ కొడతారు. ఒక వరసలో ఇరవై పువ్వులుంటే ఇరవై సార్లు ఆ పని. మళ్ళీ పై వరస. అందుకే మగ్గానికి ఇద్దరు కూర్చుంటారు, చాలాచోట్ల మొగుడూ పెళ్ళాం. పని పెద్దదైతే ఒక్క చీరకి రెండు నెలలు పడుతుంది. చిన్నదైతే పది పన్నెండు రోజులు.

ఫలితం ఏమిటంటే చీర తిరగేస్తే కూడా పువ్వు పువ్వులాగే ఉంటుంది. వెనక వేలాడే దారాలుండవు, కత్తిరించిన కొసలుండవు. ఉప్పాడ పేరుతో ఊరూరా అమ్ముతున్న మరమగ్గం చీరని ఒక్కసారి తిరగేసి చూడండి. తేడా కళ్ళకి కొడుతుంది. 1985లో చేనేత రిజర్వేషన్ చట్టం వచ్చింది. ఇన్ని రకాలు మరమగ్గం మీద నెయ్యకూడదని రాశారు. మొదట 22 రకాలు, తరవాత 11కి కుదించారు. చట్టం పుస్తకంలో ఉంది, నకలు కొట్లో ఉంది. దొంగసరుకుని పట్టుకోవాల్సిన ఇన్‌స్పెక్టరు కంటే ముందు, కొట్టు గద్దె మీద కూర్చుని చీర తిరగేసి చూసే పాతికేళ్ళ అమ్మాయి కావాలి మనకి. పెళ్ళి చీరలు కొనే రోజున అత్తగారి ముందు ఆ పని చెయ్యడానికి కాస్త ధైర్యం కావాలనుకోండి.

ఉప్పాడలో మీరడగాల్సిన ఇంకో ప్రశ్న ఉంది. మజూరీ ఎంత? పట్టూ జరీ మాస్టర్ వీవరు ఇస్తాడు, నేసిన చీర ఆయనకే పోతుంది, నేతగాడికి మజూరీ వస్తుంది. కాకినాడ కొట్లో, హైదరాబాదు కొట్లో ఆ చీర ఎంతకి అమ్ముతున్నారో మీకు తెలుసు. రెండు అంకెలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి. మధ్యలో జరీ ఖర్చుంది, వడ్డీ ఉంది, అమ్ముడుపోని చీరల నష్టం ఉంది. అవన్నీ న్యాయంగానే రాయండి. రాశాక ఇంకా ఎంత తేడా మిగిలిందో అది మీ తరం పరిష్కరించాల్సిన లెక్క. మీలో బీకాంలున్నారు, ఎంబీయేలున్నారు. పరీక్షలో ఏదో అమెరికా కంపెనీ గురించి రాసే కేస్ స్టడీ దీని గురించి రాయండి.

నరసాపురం లేసు సంగతి ఇంకా లోతైనది. క్రోషే అల్లిక పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీల ద్వారా గోదావరి జిల్లాల్లో అడుగుపెట్టింది. కరవుల్లో ఇంట్లో ఆడవాళ్ళ చేతికి నాలుగు డబ్బులు చూపించిన పని అది. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టూ ఊళ్ళలో మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగుల మీద చూడండి. ఒక చేతిలో కొక్కెం సూది, ఇంకో చేతి చూపుడువేలికి చుట్టిన దారం, మాటలు నడుస్తూనే ఉంటాయి, లెక్క తప్పదు. టేబులు గుడ్డలు, దిండు గలీబులు, బల్లల మీద వేసే గుండ్రటి లేసులు. ఏజెంటు వచ్చి పట్టుకెళతాడు. అక్కణ్ణుంచి ఎగుమతిదారు, అక్కణ్ణుంచి ఓడ. ఏ దేశంలో ఏ బల్ల మీద ఆ గుడ్డ పరుస్తారో అల్లినావిడకి తెలీదు.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మను సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చింది. తెలుగు అమ్మాయిల సాయంతో ఊళ్ళు తిరిగి, లేసు అల్లేవాళ్ళ రోజు ఎలా గడుస్తుందో, చేతికి ఎంత వస్తుందో అడిగి రాసింది. 1982లో ఆ పుస్తకం అచ్చయింది. ప్రపంచ బజారుకి సరుకు చేస్తున్న ఈ ఆడవాళ్ళని ఇంట్లో ఊరికే కూర్చుని తీరిక వేళ ఏదో అల్లుకుంటున్నారని లెక్కకట్టారు గనకే అంత తక్కువ ఇచ్చి సరిపెట్టారని ఆవిడ తేల్చింది. స్త్రీల శ్రమ మీద ప్రపంచమంతా పాఠం చెప్పే చోట్ల నరసాపురం పేరు ఆ పుస్తకం ద్వారానే తెలుసు. మన కాలేజీల్లో ఎంతమందికి తెలుసు? నరసాపురంలోనే ఎంతమందికి తెలుసు?

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. సీతారామపురంలో లేసు పార్కు ఉంది, సహకార సంఘాలున్నాయి. గుర్తింపు పదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి, అది కాగితం పని. నిజమైన రక్షణ వేరే చోట ఉంది. యంత్రం మీద అల్లిన చీనా లేసుకీ చేతి లేసుకీ తేడా తెలిసినవాళ్ళు పెరగాలి. ఆ తేడా నేర్పడానికి మా అమ్మమ్మ కంటే మంచి మాస్టారు లేరని చెప్పగల మనవరాళ్ళు కావాలి. చెల్లెళ్ళూ, మీలో చాలామంది ఇళ్ళలో ఆ సూది ఉంది. ఫోను చేతిలోకి వచ్చిన రోజునే అమ్మమ్మ చేతిలోంచి అది జారిపోయింది. అడిగి తీసుకోండి. ఒక్క గొలుసు కుట్టు నేర్చుకోండి. మీరు దాంతో బతకాలని కాదు. ఏజెంటు చెప్పిన ధరకి ఆవిడ తలూపే రోజున, పక్కన కూర్చుని లెక్క వేయగలగాలని.

ఆత్రేయపురం గురించి మీకు నేను చెప్పేదేముంది! బొబ్బర్లంక దాటి వెళితే దారి పొడుగునా బోర్డులే. 2023లో పూతరేకులకీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ ప్యాకెట్టు కొనుక్కుని వెనక్కి తిరక్కండి. రేకు తీసే చోటికి వెళ్ళి, అనుమతి అడిగి, ఒక్క రేకు తీసి చూడండి. బోర్లించిన కుండ కింద ఎండు మట్టల మంట. పలుచటి గుడ్డని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి కుండ మీద ఒక్క లాగు. రెప్పపాటులో కాగితం కంటే సన్నటి రేకు లేస్తుంది. వాళ్ళ చేతిలో. మీ చేతిలో అది చిరుగుతుంది, మాడుతుంది, కుండకి అతుక్కుంటుంది. మంట మరీ ఎక్కువైనా తక్కువైనా పనికిరాదు. ఆ వేడి దగ్గర రోజంతా కూర్చునే ఆవిడకి నడుం ఎలా ఉంటుందో, కళ్ళు ఎలా ఉంటాయో కూడా అడగండి. మీలో ఇంజనీరింగు చదివేవాళ్ళకి ఒక మాట: ఆ కుండకి సమంగా వేడి అందించే, పొగ ముఖం మీదికి రాని పొయ్యి తయారు చెయ్యండి. చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం ఎక్కడో కొన్న రోబోని అతికించి చూపించే కంటే అది ఎంతో గౌరవం.

పెరవలి దగ్గర అజ్జరంలో ఇత్తడి పోతపని చేస్తారు. గుడిగంటలు, కలశాలు. పాత ఇత్తడి కరిగి మూసలోకి పారుతుంటే చూడండి, దూరంగా నిలబడే చూడండి. గంట మోగే తీరుని బట్టి పోత కుదిరిందో లేదో చెప్పగల చెవులక్కడున్నాయి. బండారులంకలో నేతా, తాళ్ళరేవులో చెక్కపడవలు కట్టే వడ్రంగమూ ఇవాళ్టికీ ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక వ్యాసం కావాలి, ఇక్కడ చోటు లేదు.

రాజమహేంద్రవరంలో పెన్నుల సంగతి మాత్రం వదలను. కోసూరి వెంకటరత్నం గారు స్వదేశీ పెన్ను చెయ్యాలని పట్టుబట్టి 1932లో ఈ ఊళ్ళో మొదలుపెట్టారు. ఎబొనైటు కడ్డీని లేతు మీద తిప్పి చేత్తో చేసే సిరా పెన్ను. గాంధీగారికి ఒకటి, ఆయన అనుచరుడు కుమారప్ప గారి చేతుల మీదుగా చేరింది. 1935లో వార్ధా నుంచి గాంధీగారు జవాబు రాశారు. వాడి చూశానని, బజార్లో దొరికే విదేశీ పెన్నులకి బదులుగా పనికొస్తుందని. పొగడ్త కూడా ఆయన కొలిచే రాశారు చూడండి! ఆ పెన్ను ఇవాళ్టికీ ఊళ్ళో తయారవుతోంది. జపాను పెన్నుల గురించి ఇంటర్నెట్‌లో గంటలు వాదించే కుర్రాళ్ళు నాకు తెలుసు. వాళ్ళలో కొందరు ఆ పెన్నుల ఊళ్ళోనే పుట్టారు.

ఈ ఊళ్ళోనే దామెర్ల రామారావు పుట్టాడు, 1897లో. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే కుర్రాళ్ళని దగ్గరికి తీసి, కళ్ళెదురుగా ఉన్నదాన్ని చూసి గీయమన్నాడు. ఆ కుర్రాళ్ళలో అడివి బాపిరాజు ఉన్నాడు, రామారావు ఉన్నాడు. రామారావు బొంబాయి వెళ్ళి చదువుకుని, అక్కడే ఉండిపోకుండా ఊరికి తిరిగొచ్చి చిత్రకళాశాల పెట్టాడు. మశూచి సోకి 1925 ఫిబ్రవరిలో పోయాడు. ఇరవై ఎనిమిదో ఏడు నిండలేదు. ఆ ఏడాది చివర్లోనే జపానులో ఆ ముగ్గురూ తమ పని మొదలుపెట్టారు. నాకు ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుంటే కోపం వస్తుంది. వాళ్ళ మ్యూజియం ప్రపంచం నలుమూలల నుంచీ జనాన్ని రప్పిస్తుంటే, మన చిత్రశాలకి ఊరి కాలేజీ పిల్లల్ని రప్పించడమే గగనంగా ఉంది. రామారావుకి దొరికిన సమయం ఎంతో చూశారుగా. మీకింకా టైముందని ఎవరు చెప్పారు?

ఇక మీ మనసులో ఉన్న ప్రశ్న. ఇదంతా చేస్తే ఉద్యోగం వస్తుందా? సూటిగా చెబుతాను. చాలామందికి రాదు. మిమ్మల్ని నేతగాళ్ళు కమ్మని నేనడగడం లేదు. పదిహేనేళ్ళు కూర్చుంటేగాని పట్టుబడని పనిని సరదాకి మొదలుపెట్టి వదిలేస్తే వాళ్ళ టైము వృథా. మీ చదువు మీరు చదువుకోండి. మీరు డాక్టరైనా, కోడు రాసినా, బ్యాంకులో కూర్చున్నా మీ ఊరి చేతిపని ఒకటి లోపలినుంచి తెలిసుండాలి. వెల అడిగే అర్హత అప్పుడే వస్తుంది. నాణ్యత ఏమిటో అప్పుడే తెలుస్తుంది. ఆఫీసులో మీ కింద పనిచేసేవాడి పని విలువ కట్టేటప్పుడు కూడా అది అక్కరకొస్తుంది.

నేతగాళ్ళ ఇళ్ళలో పుట్టిన తమ్ముళ్ళతో విడిగా మాట్లాడాలి. మీ నాన్నగారు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నది మీరు బయటపడాలనే. మీరు వెళ్ళిపోతే తప్పు పట్టే హక్కు మాలాంటి చొక్కా మడత నలగనివాళ్ళకి లేదు. వెళ్ళండి. వెళ్ళేముందు ఒక్క పని చెయ్యండి. ఇంట్లో గళ్ళ కాగితాల మీద వేసిన నమూనాలు ఉంటాయి, కొన్ని చెదలు పట్టి ఉంటాయి. అన్నిటికీ ఫోటో తియ్యండి. నాన్నగారు పని చేస్తుంటే వీడియో తియ్యండి, ముఖం కాదు, చేతులు. ఏ పోగు ఎందుకు ఎత్తుతున్నారో ఆయన నోటివెంట చెప్పించండి. నాన్నగారి పేరు, తాతగారి పేరు, ఊరి పేరు, తేదీ రాయండి. మూడొందల ఏళ్ళ కిందట కంపెనీ గుమాస్తా రాయని పేరు అది. మీలో ఎవరైనా మగ్గం మీదే ఉండాలనుకుంటే, తలెత్తుకుని ఉండండి. అప్పుడు మాత్రం మీ పేరు చీర కొంగు మీద వెయ్యమని పట్టుబట్టండి, మాస్టర్ వీవరు ఒప్పుకోకపోతే ఇంకో పదిమందితో కలిసి అడగండి.

మిగతా అందరూ చెయ్యాల్సింది పెద్దదేం కాదు. గవర్నమెంటు కోసం ఎదురుచూడకండి. కాలేజీ ఎన్నెస్సెస్ యూనిట్ ఉంది, ఊళ్ళో పాడుబడిన లైబ్రరీ గది ఉంది, వేసవిలో ఖాళీగా పడున్న బడి ఉంది. ఒక గదిలో ఒక పాత మగ్గం, ఒక రాట్నం, కొన్ని లేసులు, ఒక పూతరేకుల కుండ పెట్టండి. ఒక్కోదాని పక్కన చేసినవాళ్ళ పేరుండాలి. ఆదివారం రెండు గంటలు ఒక పనిమనిషిని, అంటే పని తెలిసిన మనిషిని, పిలిచి కూర్చోబెట్టండి. చెయ్యి పెట్టి నేర్చుకునే పదిమందీ రుసుం కట్టాలి. ఆ డబ్బు మొత్తం ఆవిడకే వెళ్ళాలి. టీ ఇచ్చి శాలువా కప్పి ఫోటో తీసుకుని పంపించెయ్యడం మనకి బాగా అలవాటు. శాలువాతో బియ్యం రావు. ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవమని చేనేత కట్టుకుని ఫోటో పెట్టేవాళ్ళందరూ ఆ రోజు రుసుం కట్టి కూర్చుంటే చాలు, ఒక ఊరికి నెల గడుస్తుంది.

సరే, బయల్దేరండి. మొదటిసారి ఉప్పాడకే వెళ్ళండి, ముగ్గురు నలుగురు కంటే ఎక్కువ వద్దు. బీచి రోడ్డు బాగుంటే కాకినాడ నుంచి అటు, తెగి ఉంటే పిఠాపురం మీదుగా. అమావాస్యనాడు మగ్గాలు ఆపేవాళ్ళుంటారు, పంచాంగం చూసుకోండి. శ్రావణమాసం ముందు ఆర్డర్ల ఒత్తిడి ఉంటుంది, అప్పుడు విసిగించకండి. ముందు రోజే ఎవరితోనైనా చెప్పించి, ఎంత ఇవ్వాలో మాట్లాడుకోండి, బేరం ఆడకండి. గుమ్మం బయట చెప్పులు విప్పి, బాబాయి గారూ అనో పిన్ని గారూ అనో పలకరించండి. వీడియో తియ్యాలంటే అడిగి తియ్యండి. చేతికి కొబ్బరినూనె, లోషను రాసుకుని వెళ్ళకండి, పట్టుకి మరకవుతుంది. ఉంగరాలూ బ్రేస్‌లెట్లూ ఇంట్లో పెట్టి రండి. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి, గరుకు గోరు తగిలితే పడుగు పోగు తెగుతుంది, తెగిన పోగుని మళ్ళీ అతకడానికి ఆయన పని ఆపాలి.